కుక్కపిల్ల బొడ్డు దగ్గర ఉబ్బు: హెర్నియాను ఎలా పరీక్షించాలి, ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్న కొద్ది రోజులకే చాలామంది అడిగే ప్రశ్న ఇది: "పొట్ట మీద బొడ్డు ఉండే చోట మెత్తటి బుడిపె ఉంది. నొక్కితే లోపలికి పోతోంది, వదిలితే మళ్ళీ వస్తోంది. పిల్ల మాత్రం హుషారుగానే ఉంది. ఏం చేయాలి?" ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "ఏదైనా కట్టు కడితే తగ్గుతుందా?" రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. కట్టొద్దు. ఎందుకో కింద చెప్తాను. మొదటిదానికి జవాబు చెప్పాలంటే మూడు సంగతులు తెలియాలి: ఉబ్బు సరిగ్గా ఎక్కడుంది, లోపలికి పోతోందా లేదా, దాని కింద ఉన్న రంధ్రం ఎంత వెడల్పు. మూడూ మీ వేళ్లతో మీరే తెలుసుకోవచ్చు.

అసలేమిటిది? తల్లి కడుపులో ఉన్నప్పుడు బొడ్డుతాడు పిల్ల పొట్ట గోడలోని ఒక రంధ్రం గుండా లోపలికి వెళ్తుంది. పుట్టాక తాడు ఎండి రాలిపోతుంది, రంధ్రం మూసుకుపోతుంది. ఎక్కడైనా అది పూర్తిగా మూసుకోకపోతే లోపలి కొవ్వు, ఒక్కోసారి పేగు, ఆ సందులోంచి చర్మం కిందికి తోసుకొస్తుంది. దీన్నే బొడ్డు హెర్నియా అంటారు. ఎక్కువగా ఇది వంశపారంపర్యంగా వచ్చేదే. ఎయిర్‌డేల్ టెర్రియర్, బసెంజీ, పెకినీస్ లాంటి జాతుల్లో ఎక్కువ కనిపిస్తుంది కానీ ఏ జాతి పిల్లకైనా, ఏ జాతీ కాని పిల్లకైనా రావచ్చు. సిద్ధాంతం ఇంత చాలు.

కావలసినవి

- శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, గోళ్లు కత్తిరించుకున్న మీ చేతులు
- మిల్లీమీటర్ గీతలున్న చిన్న స్కేలు
- నోట్‌బుక్, లేదా ఫోను
- పిల్లను పట్టుకోవడానికి ఇంకో మనిషి
- జారని చోట పరిచిన మెత్తటి తువ్వాలు
- మీకు దగ్గర్లోని పశువైద్యుడి నంబరు, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు. ఇవి ముందే ఫోనులో వేసుకోండి, అవసరం పడ్డాక వెతకొద్దు.

మందులు, పట్టీలు, నూనెలు ఈ జాబితాలో లేకపోవడం పొరపాటున జరిగింది కాదు.

1. సమయం చూసుకోండి

పాలు తాగిన వెంటనే, తిండి తిన్న వెంటనే పొట్ట బిర్రుగా ఉంటుంది. అప్పుడు చూస్తే చిన్న ఉబ్బు కూడా పెద్దగా కనిపిస్తుంది. తిన్నాక రెండు గంటలు గడిచి, ఒకటికి వెళ్ళొచ్చి, కాస్త నిద్రమత్తులో ఉన్నప్పుడు చూడండి. ఏడుస్తూ గింజుకుంటున్న పిల్లను పరీక్షించి లాభం లేదు. గింజుకున్నప్పుడు పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, ఉబ్బు లోపలికి పోదు, మీరు అనవసరంగా హడలిపోతారు.

2. ఎక్కడుందో ఖాయం చేసుకోండి

ముందు పిల్లను నిలబెట్టి పక్కనుంచి చూడండి. తర్వాత ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టండి. పక్కటెముకలు ముగిసే చోటికీ కటి ఎముకకూ మధ్యలో, పొట్ట నడి గీత మీద, బొచ్చు కొద్దిగా సుడి తిరిగి ఉండే చోటే బొడ్డు. ఉబ్బు సరిగ్గా అక్కడుంటే బొడ్డు హెర్నియా అయ్యే అవకాశం ఎక్కువ.

వెనక కాలు పొట్టతో కలిసే మడత దగ్గర, అంటే గజ్జల్లో ఉంటే మాత్రం అది వేరే కథ. గజ్జ హెర్నియాలోంచి పేగు, మూత్రాశయం, ఆడపిల్లల్లో గర్భసంచి కూడా జారి ఇరుక్కోవచ్చు. ఈ వ్యాసంలో "ఆగి చూడండి" అన్న మాట ఎక్కడొచ్చినా అది గజ్జల్లోని ఉబ్బుకు వర్తించదు. మగపిల్ల వృషణాల సంచి ఒకవైపు ఉబ్బినా అంతే. అది ఎంత చిన్నదైనా, పిల్ల ఎంత హుషారుగా ఉన్నా ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించండి. రెండు గజ్జలూ తడిమి చూడండి, ఒకవైపు ఉంటే రెండోవైపు కూడా ఉండొచ్చు.

బొడ్డుకు పైన, ఛాతీ ఎముక చివరి వరకూ ఉబ్బు సాగి ఉంటే, దానికి తోడు పిల్ల ఆడకుండానే ఆయాసపడుతుంటే, అదీ ఆగకుండా చూపించాల్సిందే. పొట్ట నడి గీత మీద పై భాగంలో లోపం ఉన్న కొన్ని పిల్లల్లో ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొరలో కూడా లోపం ఉంటుంది.

3. అసలు హెర్నియానేనా?

ఉబ్బిన ప్రతిదీ హెర్నియా కాదు. చర్మం ఎర్రగా ఉండి, ముట్టుకుంటే వేడిగా తగులుతూ, చీము గానీ వాసన గానీ ఉంటే అది బొడ్డు చీము పట్టడం. పుట్టిన మొదటి రెండు వారాల్లో ఇది ఎక్కువ. తాడు రాలిన చోటునుంచి సూక్ష్మక్రిములు రక్తంలోకి చేరితే అంత పసిగుడ్డు ఒక్కరోజులో చేజారిపోవచ్చు. అదే రోజు వైద్యం కావాలి.

హెర్నియా అలా ఉండదు. పైచర్మం మామూలు రంగులోనే ఉంటుంది, ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది, నొప్పి ఉండదు. పిల్ల నిలబడినప్పుడు, మొరిగినప్పుడు, ముక్కినప్పుడు పెద్దదవుతుంది. పడుకుంటే తగ్గుతుంది.

చీముగడ్డ అనుకుని సూదితో పొడవడం, బ్లేడుతో కోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఆ చర్మం కింద పేగు ఉండొచ్చు.

4. లోపలికి పోతోందేమో చూడండి

పిల్ల వెల్లకిలా, మెత్తబడి ఉన్నప్పుడు చూపుడు వేలి కొనను ఉబ్బు మీద చదునుగా పెట్టండి. గోరు తగలకూడదు. నిదానంగా, మీ కనురెప్ప మీద నొక్కితే ఎంత బలం వాడతారో అంతే బలంతో, లోపలివైపు ఒత్తండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది.

మొదటిది, ఉబ్బు సులువుగా లోపలికి జారిపోతుంది, వేలికి అంచున్న గుండ్రటి సందు తగులుతుంది. ఇది ఎక్కువమంది చూసేది. కంగారు పడాల్సింది లేదు.

రెండోది, చిన్న మెత్తటి బుడిపె అక్కడే ఉండిపోతుంది, లోపలికి పోదు. కానీ వారాలుగా అదే సైజు, నొప్పి లేదు, పిల్ల తింటోంది, ఆడుతోంది. చాలాసార్లు ఇది రంధ్రం మూసుకుపోతూ బయట మిగిలిపోయిన కొవ్వు ముద్ద. ప్రమాదం లేదు. అయితే ఈ తీర్పు మీరు ఇచ్చుకోకండి, ఒక్కసారి డాక్టరు వేలితో ఖాయం చేయించుకోండి.

మూడోది, నిన్నటిదాకా లోపలికి పోయిన ఉబ్బు ఇవాళ పోవడం లేదు. గట్టిగా ఉంది, లేదా పెద్దదైంది, లేదా ముట్టుకుంటే పిల్ల కుయ్యిమంటోంది. ఇక్కడ చదవడం ఆపి నేరుగా 'వెంటనే బయల్దేరాల్సినవి' అన్న భాగానికి వెళ్ళండి. బలవంతంగా తోయొద్దు. ఇరుక్కున్న పేగు అప్పటికే దెబ్బతిని ఉంటే మీ ఒత్తిడికి చిట్లవచ్చు.

5. రంధ్రాన్ని కొలవండి, ఉబ్బును కాదు

అందరూ చేసే పొరపాటు ఇక్కడే. "నిమ్మకాయంత ఉంది", "గోళీ అంత ఉంది" అని ఉబ్బు సైజు చెప్తారు. ఉబ్బు పూటకోలా మారుతుంది. డాక్టరుకూ మీకూ పనికొచ్చేది కింద ఉన్న రంధ్రం వెడల్పు.

ముందు మీ చిటికెన వేలి కొన, చూపుడు వేలి కొన వెడల్పు ఎంతో స్కేలు మీద కొలిచి రాసుకోండి. ఉబ్బును లోపలికి పంపాక ఆ సందు అంచుల్ని చర్మం మీంచే తడమండి. చిటికెన వేలి కొన కూడా దిగనంత చిన్నదా? కొన దిగుతుందా? రెండు వేళ్లు పడతాయా? మీ వేలి కొలత తెలుసు కాబట్టి రంధ్రం కొలత తెలిసిపోతుంది. వేలిని లోపలికి పొడవొద్దు, అంచు తెలిస్తే చాలు.

సుమారు 1 సెంటీమీటర్ లోపు రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి, దాదాపు 6 నెలల వయసు వచ్చేలోగా. వాటిలోంచి సాధారణంగా కొవ్వే వస్తుంది. అంతకన్నా పెద్దవి మూసుకునే అవకాశం తక్కువ.

చాలామంది ఊహించని సంగతి ఒకటుంది. రంధ్రం ఎంత పెద్దదైతే అంత ప్రమాదం అనుకుంటారు. మరీ పెద్ద రంధ్రంలో పేగు వచ్చినట్టే వెనక్కి పోగలదు. మరీ చిన్నదానిలోకి పేగు దూరనే దూరదు. పేగు ఒక మెలిక దూరగలిగి, తిరిగి వెళ్ళలేక బిగుసుకుపోయేంత మధ్యరకం రంధ్రమే ఎక్కువ జాగ్రత్తగా కనిపెట్టాల్సింది. మీ వేలి కొన సరిగ్గా దిగే సైజు చూసి "చిన్నదేలే" అనుకోకండి.

6. రాసుకోండి

తేదీ, పిల్ల వయసు వారాల్లో, బరువు, రంధ్రం వెడల్పు, లోపలికి పోతోందా లేదా. ఇంతే. వారానికి ఒక్కసారి, ఒకే మనిషి, ఒకే భంగిమలో. రోజూ పదిసార్లు నొక్కి చూసినంత మాత్రాన త్వరగా మూసుకోదు, పిల్లకు పొట్ట ముట్టుకుంటే చిరాకు అలవాటవుతుంది. పక్కనే స్కేలు పెట్టి నెలకో ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది.

7. డాక్టరుకు చూపించండి

అత్యవసరం కాకపోతే ప్రత్యేకంగా పరుగెత్తాల్సిన పని లేదు. 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకాకు ఎలాగూ వెళ్తారు, అప్పుడు చూపించండి. అడగాల్సినవి:

- రంధ్రం కొలత ఎంత, నేను కొలిచినదానితో కలుస్తోందా?
- లోపల ఉన్నది కొవ్వా, పేగా?
- గజ్జల్లో ఏమైనా తగులుతోందా?
- మగపిల్లైతే, వృషణాలు రెండూ కిందికి దిగాయా? (బొడ్డు హెర్నియా ఉన్న కొన్ని పిల్లల్లో ఒక వృషణం దిగకుండా ఉండిపోతుంది.)
- ఆగాలా, ఎంతకాలం?

నులిపురుగుల మందు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. కుక్కపిల్లలకు 2 వారాల వయసు నుంచే ఈ మందు మొదలుపెడతారు. పురుగులతో పొట్ట కుండలా ఉబ్బి ఉంటే హెర్నియా కూడా ఉన్నదానికన్నా భయంకరంగా కనిపిస్తుంది. పురుగులు పోయాక చూస్తే అంత పెద్దగా ఉండకపోవచ్చు.

8. ఆగే కాలంలో

పిల్లను మామూలుగా పెంచండి. ఆడనివ్వండి, పరుగెత్తనివ్వండి. బొడ్డు హెర్నియా ఉందని బోనులో పెట్టక్కర్లేదు. మలబద్ధకం, విరేచనాలు, దగ్గు ఉంటే నిర్లక్ష్యం చేయకండి. మాటిమాటికీ ముక్కడం, దగ్గడం వల్ల పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది పిరుదుల కింద పెట్టండి, పొట్ట పట్టి లేపొద్దు. మనుషుల చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ మాట నాలుగుసార్లు చెప్పాల్సి వస్తుంది.

9. ఆపరేషన్ అవసరమైతే

6 నెలలకు కూడా మూసుకోకపోతే, లేదా రంధ్రం మొదటినుంచీ పెద్దదైతే, లేదా పేగు వస్తోందని తేలితే కుట్టించడమే దారి. పిల్ల బాగా ఉండి, లోపల కొవ్వే ఉంటే, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో పాటు ఒకే మత్తులో ఇదీ చేయించుకోవచ్చు. రెండుసార్లు మత్తు ఇవ్వాల్సిన పని తప్పుతుంది. పేగు వస్తున్న హెర్నియాను మాత్రం ఆ రోజు కోసం అట్టిపెట్టకండి. పని పెద్దదేమీ కాదు: బయటికొచ్చినదాన్ని లోపలికి పంపి, రంధ్రం అంచుల్ని దగ్గరికి తెచ్చి కుడతారు.

ముందు రోజు తిండి ఎప్పుడు ఆపాలో డాక్టరునే గంటల్లో అడగండి. పెద్ద కుక్కలకు చెప్పినట్టు రాత్రంతా కడుపు మాడ్చితే మరీ చిన్న పిల్లలకు రక్తంలో చక్కెర పడిపోతుంది.

ఇంటికి తెచ్చాక 10 నుంచి 14 రోజులు అసలు పరీక్ష. కుట్లు నాకకుండా మెడకు వేసే గరాటులాంటి కోన్ తీయొద్దు, "పాపం, చిరాకు పడుతోంది" అని ఒక్క గంట తీసినా చాలు, నాలుకతో కుట్లు ఊడదీసుకుంటుంది. స్నానం లేదు. మెట్లు, సోఫా మీదికి దూకడం, మరో కుక్కతో కుస్తీ లేవు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కుట్లు చూడండి. అంచులు దగ్గరగా, పొడిగా, మొదటి రెండు మూడు రోజులు లేత ఎరుపులో ఉంటే మంచిదే.

కొన్ని రోజులకు కుట్టు కింద మెత్తటి వాపు వస్తే "మళ్ళీ హెర్నియా వచ్చింది" అని అనుకుంటారు. ఎక్కువసార్లు అది చర్మం కింద చేరిన నీరు, మెల్లగా ఇంకిపోతుంది. తేడా తేల్చడానికి నొక్కి చూడొద్దు, ఫోటో తీసి డాక్టరుకు పంపండి. కుట్టు విచ్చుకున్నా, చీము, దుర్వాసన, కారడం ఉన్నా, ఫోటోతో ఊరుకోకుండా తీసుకెళ్ళండి.

నొప్పికి డాక్టరు రాసిందే వాడండి. ఇంట్లో మనుషులకోసం పెట్టుకున్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ పిల్లకు వేయొద్దు. మొదటి రెండూ కుక్కల కడుపులో పుండ్లు పెట్టి మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయాన్ని పాడు చేస్తుంది, అంత చిన్న ఒంటికి మోతాదు మించడం ఎంతసేపు?

వెంటనే బయల్దేరాల్సినవి

పేగు ఇరుక్కుని రక్తం అందకపోతే గంటల్లో ఆ ముక్క చచ్చుబడిపోతుంది. "పొద్దున చూద్దాం" అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రైనా బయల్దేరండి:

- ఉబ్బు గట్టిపడింది, వేడిగా ఉంది, లోపలికి పోవడం లేదు
- దాని మీది చర్మం ఎర్రగా, ఊదాగా, నల్లగా మారుతోంది
- ముట్టుకుంటే ఏడుస్తోంది, పొట్ట ముడుచుకుని వంగి నిలబడుతోంది
- ఉబ్బు ఉన్న పిల్లకు వాంతులు మొదలయ్యాయి, లేదా తిండి మానేసి మూలన పడుకుంది
- పొట్ట మొత్తం ఉబ్బి బిర్రుగా ఉంది, దొడ్డికి వెళ్ళడం లేదు

దారిలో తిండి, నీళ్ళు, మందు ఏమీ ఇవ్వొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. పిల్లను తువ్వాలులో చుట్టి వెచ్చగా ఉంచండి, ఉబ్బు మీద ఏమీ నొక్కకుండా చూడండి. బయల్దేరేముందు ఫోను చేసి "హెర్నియా, లోపలికి పోవడం లేదు" అని చెప్పండి. ఆ ఒక్క ముక్కతో వాళ్ళు అటు సిద్ధమవుతారు.

ఎక్కువమంది చేసే తప్పులు

నాణెం పెట్టి ప్లాస్టర్ వేయడం, పొట్ట చుట్టూ గుడ్డ బిగించడం. రంధ్రం మూసుకునేది దాని అంచుల్లోని కణజాలం పెరిగి. పైనుంచి నొక్కితే పెరగదు. పైగా ప్లాస్టర్ కింద చర్మం చెమ్మబట్టి పుండు పడుతుంది, బిగువైన కట్టు పసిపిల్లకు ఊపిరాడనివ్వదు. అన్నిటికన్నా చెడ్డ సంగతి, కట్టు కింద ఉబ్బు రంగు మారినా మీకు కనిపించదు.

ఉబ్బు మొదట్లో దారమో రబ్బరు బ్యాండో బిగించి "ఎండి రాలిపోతుంది" అని చూడటం. రాలేది చర్మంతో పాటు పేగు. ఇలా చేయమని ఎవరు చెప్పినా, ఎంత అనుభవమున్న మనిషి చెప్పినా, వినొద్దు.

నూనె మర్దన, పసరు పట్టు. వీటితో మూసుకుందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఏమీ రాయకపోయినా మూసుకునే సైజు అయ్యుంటుంది.

మూసుకుపోయిందనుకుని ఒకసారి చూసి వదిలేయడం కూడా తప్పే.

మూసుకుందని ఎలా తెలుసుకోవాలి

వెల్లకిలా పడుకోబెట్టి వేలితో తడిమితే ఎక్కడా సందు తగలకూడదు, పొట్ట గోడ ఒకే చదునుగా తగలాలి. తర్వాత ముందు కాళ్లు పట్టి వెనక కాళ్ల మీద నిలబెట్టండి, అప్పుడు పేగుల బరువు కిందికి వస్తుంది. అలా నిలబడి మొరిగినా ముక్కినా బొడ్డు దగ్గర ఏదీ తోసుకురాకూడదు. వరుసగా మూడు వారాలు ఇదే ఫలితం వస్తే నోట్‌బుక్‌లో రాసి, తర్వాతి టీకాకు వెళ్ళినప్పుడు డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆపరేషన్ చేయించినవాళ్ళు ఈ పరీక్ష కుట్లు తీశాక, డాక్టరు సరేనన్నాకే చేయాలి.

పిల్లను ఇంకా తెచ్చుకోనివాళ్ళకు

చిన్న బొడ్డు హెర్నియా ఉందని మంచి పిల్లను వద్దనుకోనక్కర్లేదు. కానీ ఇచ్చేవాళ్ళను మూడు మాటలు అడగండి: తోబుట్టువుల్లో ఇంకెవరికైనా ఉందా, తల్లికో తండ్రికో ఉండేదా, ఆపరేషన్ పడితే ఖర్చు ఎవరిది. మూడోదానికి జవాబు కాగితం మీద తీసుకోండి. హెర్నియా ఉన్న కుక్కను పిల్లల కోసం జత కట్టించకండి. కుట్టించి బాగుపడ్డా సరే, ఆ లోపం పిల్లలకు దిగే అవకాశం ఉంటుంది. కుట్టించని ఆడకుక్క చూలుతో ఉంటే పెరిగే పొట్ట ఆ రంధ్రాన్ని ఇంకా లాగుతుంది. అలాంటి కుక్క ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ఈనే రోజు వరకూ ఆగకుండా ఇప్పుడే డాక్టరుకు చూపించండి.